సెంటీమీటరుకి పావు కిలోమీటరు

లోయ అంచున దుప్పటి తాత సైకిల్ దొరికింది, తాత దొరకలేదు.

పొద్దున్నే లాడ్జిలో అడుగుపెట్టగానే అక్క, బావ, తమ్ముడు విన్న మొదటి మాట అదే.

ఆయనకి దుప్పటి తాత అని పేరు పెట్టింది బావే.

మొన్న సాయంత్రం ఇదే హాల్లో ఆ పెద్దాయన తన మ్యాప్ పరిస్తే భోజనాల బల్ల నిండిపోయింది.

"తాతగారూ, ఇది మ్యాపా, దుప్పటా? చలేస్తే కప్పుకుంటారా?" అన్నాడు బావ.

"సెంటీమీటరుకి పావు కిలోమీటరు బాబూ. ఆమాత్రం ఉంటుంది మరి."

"మాది సెంటీమీటరుకి కిలోమీటరు. కొండలన్నీ జేబులో పట్టేస్తాయి."

"కొండలు పడతాయి, కాలిబాటలు పట్టవు. కారుకైతే మీది చాలు. కొండమీద సైకిల్‌కి ప్రతి మలుపూ తెలియాలి. నాది తీసుకెళ్లండి, రేపు నేనెక్కడికీ వెళ్లను."

"వద్దులెండి. మా ఆవిడకి అంత పెద్దది మడతపెట్టడం రాదు."

"మీ చొక్కాలు ఎవరు మడతపెడుతున్నారో చెప్పమంటారా?" అంది అక్క.

అందరూ నవ్వారు, తాత కూడా. మ్యాప్‌ని తోలుసంచిలో పెట్టి గోడమేకుకి తగిలించాడు.

మర్నాడు ముగ్గురూ సైకిళ్ల మీద కొండెక్కారు. మధ్యాహ్నం పొగమంచు కమ్మేసింది. ఫోన్లకి సిగ్నల్ లేదు. బావ మాటిమాటికీ తన సంచిలో తలదూర్చి మ్యాప్ చూసుకుంటూ, ఏదో పాత కాలిబాట పట్టించి, చీకటి పడేలోగా అవతలి ఊళ్లో దించాడు. అక్కడా సిగ్నల్ లేదు. రాత్రికి అక్కడే ఉండిపోయారు.

"మా బావ మామూలోడు కాదు," అని దారి పొడుగునా తమ్ముడు ఒకటే గొప్పలు.

ఇప్పుడు బావ ఖాళీ గోడమేకు వైపే చూస్తున్నాడు.

"అంత మంచులో తాత ఎందుకెళ్లాడండీ?" అడిగింది అక్క.

"మీకోసమే," అంది లాడ్జి ఆవిడ. "మీరింకా రాలేదని నేనే కంగారుపడ్డాను. ఏళ్ల తరబడి ఈ కొండల్లో తప్పిపోయినవాళ్లని వెతికి తెచ్చేది ఆయనే. ఈమధ్య దారులు మర్చిపోతున్నాడు. అయినా మ్యాప్ ఉందిగా అంటూ సంచి తగిలించుకుని బయల్దేరాడు."

గేటు చప్పుడైంది. కానిస్టేబుల్ లోపలికొచ్చాడు. చేతిలో తోలుసంచి.

"తాత?"

కానిస్టేబుల్ తల అడ్డంగా ఊపాడు.

సంచిలోంచి మ్యాప్ తీసి బల్లమీద పరిచాడు. అది బల్లలో ఓ మూలకి కూడా చాలలేదు.

"ఇది పట్టుకుని పైకెలా వెళ్లాడమ్మా? ఆయన పడిపోయిన చోట వరసగా మలుపులు. ఇందులో అన్నీ కలిపి ఒకటే తిన్నని గీత."

"ఇది ఆయనది కాదే!" అంది లాడ్జి ఆవిడ. "దారిలో విప్పి చూసుకునే ఉంటాడు. వెనక్కి రావచ్చుగా!"

"పైన ముగ్గురున్నారని తెలుసు కదమ్మా. ఎలా వస్తాడు?"

చిరిగిన అంచుకి తను అంటించిన టేపుని అక్క గుర్తుపట్టింది. భర్త వైపు తిరిగింది.

"అంత వెక్కిరించి మళ్లీ అడగాలంటే నామోషీ అనిపించింది," అన్నాడు బావ. "ఎక్కడికీ వెళ్లనన్నాడుగా, సాయంత్రం వచ్చి పెట్టేద్దాంలే అని, ఆయనది తీసుకుని మనది ఆ సంచిలో పెట్టాను. నిన్న మనం దిగొచ్చిన బాట నేను కనిపెట్టింది కాదు, ఆ దుప్పటిలోదే."