పైగదిలో మరిచిన హెడ్‌సెట్

వేళ్ల నొప్పులు మొదలయ్యాక టైపిస్టు నోటితోనే పని కానిస్తోంది. ఫోను హెడ్‌సెట్ పెట్టుకుని మాట్లాడితే కంప్యూటర్ రాస్తుంది.

"నీ గొంతు తప్ప దానికింకేదీ ఎక్కదే. అచ్చం నాలాగే," అని నవ్వుతూ భర్త రాత్రి డ్యూటీకి వెళ్లాడు.

పాపను పైగదిలో నిద్రపుచ్చి కిందికొచ్చి కంప్యూటర్ ముందు కూర్చుంది. చెవి తడుముకుంటే హెడ్‌సెట్ లేదు. పాప పక్కలోనే మరిచిపోయింది. తీగ లేనిది కదా, అక్కడినుంచీ కంప్యూటర్‌కి మాట అందుతూనే ఉంది.

తెచ్చుకుందామని లేస్తుంటే తెర మీద అక్షరాలు పడ్డాయి.

"లే తల్లీ."

పాప కలవరించిందేమో అనుకుంది. కానీ నిన్న పాప అది పెట్టుకుని ఎంత అరిచినా ఒక్క అక్షరం పడలేదు.

"నేనే, అమ్మని. చెప్పులేసుకో."

ఆమె నోరు మూసుకునే ఉంది. ఇల్లంతా నిశ్శబ్దం. కంప్యూటర్ లోపల ఫ్యాను మాత్రం సన్నగా తిరుగుతోంది.

"చప్పుడు చెయ్యకు. వెనక మెట్ల మీంచి వెళ్దాం."

"పాపా!" అని అరుస్తూ మెట్లెక్కింది. సగం ఎక్కేసరికి పైనుంచి నిద్రమత్తులో పాప గొంతు వినిపించింది.

"వేసుకున్నానమ్మా. చెయ్యి గట్టిగా పట్టుకో."

తర్వాత వెనక తలుపు గడియ మెల్లగా జరిగింది.