పన్నెండోసారి

“ముందు ఈ సంగతి చెప్పు తల్లీ. నేను సరిగ్గా చెయ్యకపోతే మా అక్కని తీసుకుపోతారా?”

తెరమీద ముసలావిడ కుర్చీలో కూర్చోకుండానే అడిగింది. డెబ్బై రెండేళ్ళ మనిషి. వెనక మంచంమీద డెబ్బై ఎనిమిదేళ్ళ అక్క, ఎడమవైపు చచ్చుబడిపోయి, మూడు దిండ్ల ఆసరాతో ఇటే చూస్తోంది.

హెడ్‌ఫోన్ పెట్టుకున్న ఫిజియోథెరపిస్టు అమ్మాయి పరీక్ష ఫారం తెరిచింది. తీసుకుపోతారు. అక్కని లేపి కూర్చోబెట్టే సత్తువ చెల్లెలికి ఉందో లేదో ఇవాళ తేలిపోవాలి. అర నిమిషంలో కుర్చీలోంచి పన్నెండుసార్లు లేస్తే అక్క ఇంట్లోనే ఉంటుంది. లేవలేకపోతే సోమవారం బండి వచ్చి ఊరవతల మంచాన పడ్డవాళ్ళ వార్డుకి తీసుకెళ్తుంది. ఆ మాట పరీక్షకి ముందు చెప్పకూడదు.

“అది సంక్షేమాఫీసువాళ్ళు చూసుకుంటారమ్మా. మీరు కంగారుపడకండి.”

పరీక్ష ముసలావిడ ఒక్కదానికే కాదు. ఇంట్లో ఉన్న పెద్దవాళ్ళ సత్తువని వీడియోలో చూసి కొలవడం ఎలాగో ఆరు వారాలు నేర్పారు. అమ్మాయికి ఇదే ఆఖరి పరీక్ష. మనుషులు చాలక ఆఫీసు అసలు కేసులనే పరీక్షకి పెట్టేసింది. స్వామికార్యం, స్వకార్యం రెండూ ఒకేసారి. తెర మూలన చిన్న నల్లగడి. అందులోంచి పాఠాలు చెప్పిన మాస్టారు చూస్తారు, మాట్లాడరు.

“కుర్చీ గోడకి ఆనించండి. ఫోను ఇంకాస్త వెనక్కి. మీ పాదాలు కనబడాలి.”

ముసలావిడ ఫోన్ని డబ్బాకి ఆనించింది. అది జారి కాసేపు ఇంటికప్పు చూపించింది. మళ్ళీ నిలబెట్టింది.

“చేతులు గుండెలమీద కట్టుకోండి. ఊతం తీసుకోకూడదు. పూర్తిగా నిలబడాలి, పూర్తిగా కూర్చోవాలి.”

“రోజుకి వందసార్లు లేస్తానమ్మా ఈ కుర్చీలోంచి. ఇన్నాళ్ళూ ఎవరూ లెక్కపెట్టలేదు.”

“లేవకపోతే నేను ఊరుకుంటేగా,” మంచంమీంచి అక్క అంది. మాట ముద్దగా వచ్చినా అర్థమైంది.

అమ్మాయికి నవ్వొచ్చింది. నల్లగడి గుర్తొచ్చి మింగేసింది.

“మొదలుపెట్టండి.”

మొదటి ఆరూ చకచకా అయిపోయాయి. ఏడోసారికి ఊపిరి బరువెక్కింది. “ఎనిమిది, తొమ్మిది,” అంటూ అక్క కుడిచేత్తో మంచంపట్టీ మీద తడుతోంది. చెల్లెలి ముడి ఊడి జుట్టు మొహంమీద పడింది. తోసుకోలేదు, చేతులు కట్టుకునే ఉంది. పదకొండోసారి కూలబడ్డట్టు కూర్చుని, పళ్ళు బిగించి మళ్ళీ లేవబోయింది. మోకాళ్ళు సాగాయి. నడుం ఇంకొంచెం నిటారు కావాలి.

అర నిమిషం అయిపోయి గంట మోగింది. ఆ తరవాత ఆవిడ నిలబడింది.

“పన్నెండు,” అంది అక్క.

అమ్మాయి వేళ్ళు కీబోర్డు మీద ఆగాయి. ఆరు వారాలూ మాస్టారిది ఒకటే పాట: “పాపం అనుకుని ఒకటి కలిపారా, రేపు వాళ్ళు పడితే ఆ పాపం మీదే.”

“పదకొండమ్మా.”

“లేచాను కదమ్మా. గంట మోగేసరికి ముప్పాతిక లేచే ఉన్నాను.”

“పూర్తిగా లేవలేదు.”

“ఇంకోసారి చెయ్యనా? ఈసారి మధ్యలో ఊపిరి పీల్చుకోను.”

“రెండోసారి లెక్కలోకి రాదమ్మా.”

అమ్మాయి పదకొండు అని కొట్టింది. పంపాక మార్చడం కుదరదని తెర హెచ్చరించింది. కళ్ళు మూసుకుని నొక్కేసింది.

జవాబు రెప్పపాటులో ఇద్దరికీ వచ్చింది. ముసలావిడ ఫోన్ని దగ్గరికి తీసుకుని, కూడబలుక్కుంటూ చదివింది. ‘ఇంట్లో ఉంచడానికి వీలులేదు.’ ఏడవలేదు. మంచం దగ్గరికెళ్ళి అక్క మెడకింద దిండు సర్దింది.

“బాగానే లేచావే,” అంది అక్క.

చెల్లెలు తిరిగొచ్చి కూర్చుంది. “నువ్వేం చేస్తావులే తల్లీ. ఇవాళ నీక్కూడా పరీక్షేనట కదా, ఆఫీసునుంచి ఫోన్ చేసినావిడ చెప్పింది. బాగా జరిగిందా?”

“జరిగిందమ్మా.”

తెరమీంచి ముసలావిడ ఇల్లు మాయమైంది. నల్లగడి పెద్దదై, అందులో మాస్టారు కళ్ళజోడు తుడుచుకుంటూ కనబడ్డారు.

“కంగ్రాట్స్ అమ్మా. ఇరవైకి పందొమ్మిది. ఎక్కడా తొణకలేదు. ఒక్క మార్కు పోయింది, అంతే.”

“ఎక్కడ సార్?”

“చివర్లో. గంట మోగేసరికి సగానికి పైగా లేచి ఉంటే పూర్తిగా లేచినట్టే లెక్క. నాలుగో వారం చెప్పాను. పన్నెండు రాయాల్సింది. కొత్తలో అందరూ చేసేదేలే.”

అమ్మాయి కుర్చీ వెనక్కి పడిపోయేంత విసురుగా లేచింది.

“మీరు చూస్తూనే ఉన్నారు కదా సార్.”

“పరీక్షలో అందించకూడదు కదమ్మా.”

“అయితే ఇప్పుడు మార్చేద్దాం.”

“పంపేశావుగా. ఆవిడకి మళ్ళీ పరీక్ష ఆర్నెల్ల తరవాతే.”

“తప్పు నాది సార్. ఆవిడది కాదు.”

“ఒక్క తప్పుకి అంత బాధపడితే ఎలాగమ్మా?” మాస్టారు ఆమె సర్టిఫికెట్ మీద సంతకం పెడుతూ అన్నారు. “నీకు ఇరవైకి పద్నాలుగొస్తే చాలు. పన్నెండుకి పన్నెండూ రావాల్సింది ఆవిడకే.”