మొహం హాజరు

ఫోను మళ్లీ ఎర్రబడింది. మొహం సరిపోలలేదట.

చెన్నై రాయపురంలో చేపల రేవుకు వెళ్లే దారిలో ఉంది ఆ వార్డు ఆఫీసు. వీధులు ఊడ్చే ఆడవాళ్లంతా పొద్దున్నే అక్కడికి వచ్చి, సూపర్‌వైజరు తిరువేంగడం చేతిలోని ఫోనుకు మొహం చూపించి పనిలోకి పోవాలి. ఇదివరకు ఆయనే మనిషిని చూసి హాజరు వేసేవాడు. ఇప్పుడు పైవాళ్లకు ఆయన కళ్ల మీద నమ్మకం పోయింది. ఫోను కళ్ల మీద కుదిరింది.

కాంట్రాక్టు పనిలో జ్వరమొచ్చినా సెలవుండదు. వరసగా మూడు రోజులు హాజరు పడకపోతే పేరు దానంతటదే ఎగిరిపోతుంది. ఆ చోట్లోకి కాంట్రాక్టరు ఎవరినో తెచ్చుకుంటాడు. పుష్పవల్లి అనే పేరు ఎదురుగా నిన్నా మొన్నా ఎర్రగుర్తే పడింది. ఇవాళా పడితే అంతే సంగతులు.

ఫోను ముందు నిలబడ్డ మనిషి కొంగుతో మొహం తుడుచుకుంది. తలకు చుట్టుకున్న గుడ్డ విప్పింది. వెలుతురు చాలదేమోనని వాకిట్లోకి వచ్చి నిలబడింది. ఎన్ని చేసినా ఫోనుకు జాలి కలగలేదు.

ఫిర్యాదు అందుకుని షోళింగనల్లూరు నుంచి శ్యామ్ వచ్చాడు. ఆ యాప్ తయారుచేసిన కంపెనీలో ఉద్యోగి. విజయవాడవాడు. అరవం రాక అవస్థ పడుతున్నవాడికి తిరువేంగడం తెలుగులో పలకరించేసరికి ప్రాణం లేచివచ్చింది.

“మా యాప్ తప్పు చెయ్యదండీ,” అన్నాడు. “నూటికి ఎక్కడో ఒకటి...”

“ఆ ఒకటే ఈడ నిలబడుండాది, చూడండి సార్,” అన్నాడు తిరువేంగడం.

శ్యామ్ పాత ఫోటో తెరిచి ఆమె మొహం పక్కన పట్టి చూశాడు. అదే ముక్కు. అవే కళ్లు. బుగ్గల్లోనే తేడా.

“ఫోటోలో కాస్త ఒళ్లుగా ఉన్నారు కదా?”

“ఎండా దుమ్మూ తినే మొగం సార్ ఇది. మీ మాదిరి ఏసీ రూములో ఉండే మొగమా, అట్నే ఉండేదానికి?” మంగళ అందుకుంది. ఆమె పక్క వీధి ఊడుస్తుంది, నోరు గట్టిది. “పుష్పవల్లికి ఇద్దరు ఆడబిడ్డలు. మొగుడు పోయినాడు. ఈ పనీ పోతే ఆ పసిబిడ్డలు ఏం తింటారో మీరే చెప్పండి. పావం సార్!”

చుట్టూ చేరిన ఆడవాళ్లంతా అవునవునన్నారు. శ్యామ్‌కు చెమటలు పట్టాయి. ఇంజనీరింగులో ఇలాంటి పాఠం ఎవరూ చెప్పలేదు అతనికి.

“పుష్పవల్లి గారూ,” అని పిలిచాడు.

ఆమె ముందు మంగళ వైపు చూసి, తర్వాత అతని వైపు తిరిగింది. బెదిరిపోయి ఉంది పాపం.

“నామినీలుగా మీ పిల్లల పేర్లు ఇచ్చారు. అవి చెప్పండమ్మా, చాలు.”

“ఆశ... శ్రీప్రియ...” అంది. “చిన్నది రాత్రంతా అమ్మా అమ్మా అని ఏడస్తానే ఉండింది సార్.”

కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

శ్యామ్ ఫోను వైపు చూశాడు. తను చేసిన వస్తువు మీద తనకే కోపమొచ్చింది.

“ఒక దారుంది,” అన్నాడు. “పాత మొహం తీసేసి ఇప్పటి మొహం ఎక్కించొచ్చు. కాని ఈమే ఆమె అని సూపర్‌వైజరు పూచీ పడాలి. రేపెప్పుడైనా తేడా వస్తే మీ ఉద్యోగం పోతుంది, కేసు కూడా అవుతుంది. ఆలోచించుకోండి పెద్దాయనా.”

వచ్చే ఏడు రిటైరు కావలసిన మనిషి. ఇంట్లో మంచం పట్టిన భార్య. పెన్షను తప్ప వేరే ఆధారం లేదు. తిరువేంగడానికి భయం వేసింది. నిజంగానే వేసింది. నుదుటి నామం మీదుగా చెమట కారుతుంటే తుడుచుకోవడం కూడా మరిచి, ఆమె మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు.

“వానాకాలంలో మోకాటిలోతు నీళ్లల్లో దిగి కాలవ తోడిన మనిషి సార్ పుష్పవల్లి,” అన్నాడు చివరికి. “ఇన్నేండ్లుగా చూస్తా ఉండా. ఆమె ఎవరో నాకు తెలీదా? పెరుమాళ్ల మీద ఒట్టు, ఈమే. ఎక్కించండి.”

పూచీ కింద తన మొహమూ ఫోనుకు చూపించాడు. అది ఒక్కసారికే కుదిరింది.

తర్వాత ఆమె వంతు. కళ్లార్పమంది ఫోను. ఆర్పింది. నీళ్లు జారి బుగ్గల మీద పడ్డాయి. ఫోను దాన్నేమీ పట్టించుకోలేదు. పచ్చ టిక్కు వేసింది.

ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. మంగళ చీపురు ఎత్తి గాల్లో ఊపింది.

శ్యామ్ చేతులు జోడించాడు. “సారీ అమ్మా. మనిషిని గుర్తుపట్టలేని యాప్ చేశాం. ఆఫీసుకెళ్లి ఇదే చెప్తాను.”

మంచి పిల్లాడు. అలాంటివాళ్లు కంపెనీల్లో ఎన్నాళ్లు నిలుస్తారో తెలియదు గాని, ఆ మాట మనసారా అని బండి ఎక్కి వెళ్లిపోయాడు.

బండి వీధి మలుపు తిరిగేదాకా ఒక్కరూ కదల్లేదు. తిరువేంగడం కుర్చీలో కూలబడి తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. ఆమె గోడకు ఆనుకుని ఇంకా ఏడుస్తూనే ఉంది. ఆయన దగ్గరికి రమ్మని సైగ చేసి, గొంతు బాగా తగ్గించి అన్నాడు.

“ఏడవబాక సింధూరీ, మీ అక్క ఆస్పత్రిలోంచి లేచి వచ్చిందాకా ఆమె పని యాడికీ పోదు.”