కాఫీ అడగని మేళం

"మేళం లేనిదే మావాడు తాళి ముట్టుకోడు!" పెళ్లికొడుకు తండ్రి చెన్నకేశవులు కుర్చీలోంచి లేవకుండానే తేల్చేశాడు. "గట్టిమేళం లేక, ముహూర్తం వేళ ఎవడో తుమ్మాడనుకోండి. ఆ తుమ్ము మీరు మోస్తారేటి?"

హిందీ మాట్లాడే ఆ ఊళ్లో, గుఢియారీ పేటలో పట్టాల పక్కనున్న పెళ్లి హాల్లో ఆడపెళ్లివారంతా గుమ్మంవైపు చూశారు. సన్నాయి పరదేశి, అతని డోలు జట్టు ఎక్కిన విజయనగరం బండి ఊరు ఇంకాస్త దూరం ఉందనగా మందిర్ హసౌద్ దగ్గర ఇంజను చెడి నిలబడిపోయింది. పెళ్లికూతురు తండ్రి దానయ్య రైల్వే గార్డు. ఊరందరి బండ్లకీ పచ్చజెండా ఊపేవాడు, కూతురి మేళాన్ని మాత్రం కదపలేక కండువాతో మొహం తుడుచుకుంటున్నాడు.

"మేళం సంగతి నాకొదిలెయ్ మావయ్యా!" అంటూ లేచాడు మేనల్లుడు అమ్మిరాజు.

బజారులో కంప్యూటరు నేర్పే కొట్టు అతనిది. బండి నిలిచిపోయిందని వినగానే ఆ కంప్యూటరును రిక్షాలో వేసుకొచ్చి మండపం పక్కన తెర ముందు పెట్టాడు. స్పీకర్లు తెర వెనక, మేళగాళ్ల చోట అమర్చాడు.

"టీవీ ఏం వాయిస్తుందయ్యా?" అన్నాడు చెన్నకేశవులు.

"టీవీ కాదండీ, కంప్యూటరు. చప్పుళ్ల కోసమని ఒక భాష ఉంది. ఆ భాషలో రాసిస్తే వాయిస్తుంది."

"ఏ భాషరా? తెలుగా, హిందీయా?" పెళ్లికూతురి నాయనమ్మ వరహాలమ్మ పీట జరుపుకుని ముందుకొచ్చింది.

అమ్మిరాజు మొహం వెలిగిపోయింది. కొట్టుకొచ్చిన ప్రతివాడికీ ఈ భాష గురించి చెప్పబోవడం, ప్రతివాడూ టైపింగు చాలు భయ్యా అనడం. అడిగి మరీ వినే మనిషి ఇన్నాళ్లకు దొరికింది.

"మామ్మా, పరదేశి ఇంకా పుట్టలేదనుకో."

"శుభమా అని పెళ్లవుతుంటే అవేం మాటలురా?"

"అనుకో మామ్మా! ముందు మనమే అతన్ని పుట్టించాలి. ఊపిరి ఎలా ఎత్తుకోవాలి, ఎంత నిండాలి, ఎలా సన్నగిల్లి ఆగాలి, గొంతు జీరగా ఉండాలా తేటగా ఉండాలా, ఇదంతా పైన రాస్తాం. అంటే వాయిద్యం తయారైనట్టు. కింద పురమాయిస్తాం. ఇప్పుడు 'స' ఊదు, ఇంతసేపు ఊదు. అదయ్యాక 'ప' ఊదు. డోలుకీ అంతే. పైన పుట్టించడం, కింద పురమాయించడం. బస్, భాషంతా ఇంతే!"

వరహాలమ్మ బుగ్గన వేలు పెట్టుకుని ఆలోచించింది. "వంటమనిషిని కుదుర్చుకుని, పులుసెప్పుడు దించాలో చెప్పినట్టన్నమాట."

"అదీ! మామ్మకి ఎక్కేసింది!" అమ్మిరాజు ఒక్క గెంతు గెంతాడు.

"నాకెక్కలేదు," అన్నాడు చెన్నకేశవులు. "మధ్యలో అదే తుమ్మితే?"

"తుమ్మమని రాస్తేనే తుమ్ముతుందండీ. రాయనిది ఏదీ చెయ్యదు. దగ్గదు, కాఫీ అడగదు, శాలువా కప్పలేదని అలగదు."

"మగపెళ్లివారికంటే నయమేరా!" అంది వరహాలమ్మ. ఆడపెళ్లివారంతా గొల్లుమన్నారు. చెన్నకేశవులు మీసం కూడా కాస్త వణికింది.

"ఏదీ, వినిపించు."

అమ్మిరాజు మీట నొక్కాడు. "భోం..." మంటూ తెర వెనక నుంచి వచ్చిన కూతకి దానయ్య చెయ్యి అలవాటుకొద్దీ జెండా ఊపడానికి లేచింది.

"సన్నాయేనా, డీజిలింజనా?" అన్నాడు చెన్నకేశవులు.

"ఊపిరి కాస్త మొరటుగా రాశానండీ. ఏక్ మినిట్!" టకటకా ఏదో మార్చి మళ్లీ నొక్కాడు. ఈసారి పడిశం పట్టిన సన్నాయిలా మోగింది.

"పడిశం ఉంటే ఉంది, సన్నాయే," అని చెన్నకేశవులు తల పంకించాడు. "చలో, కానివ్వండి!"

దానయ్య మేనల్లుణ్ణి వాటేసుకున్నాడు. వరహాలమ్మ దిష్టి తగులుతుందని పసుపుగుడ్డ తెచ్చి కంప్యూటరు మీద నిండా కప్పింది.

"మొహం కప్పినా పాడుతుందిరా?"

"దానికి మొహంతో పనేముంది మామ్మా!"

వీడియో తీసే సాహు వచ్చి అమ్మిరాజు భుజం తట్టాడు. "భయ్యా, లైటుకి ఒక ప్లగ్ చాహియే."

"వెనకాల చూస్కో భాయ్," అన్నాడు అమ్మిరాజు తిరిగి చూడకుండా. చుట్టూ మూగిన మగపెళ్లివారికి పుట్టించడం, పురమాయించడం మళ్లీ మొదటినుంచి చెప్పుకొస్తున్నాడు. కాసేపటికి వీడియో లైటు భగ్గుమని మండపమంతా తెల్లగా వెలిగింది.

"గట్టిమేళం! గట్టిమేళం!" పురోహితుడు కేకపెట్టాడు.

అమ్మిరాజు దేవుణ్ణి తలుచుకుని పసుపుగుడ్డ కిందికి చెయ్యి పోనిచ్చి మీట నొక్కాడు. ఒక్క క్షణం ఏమీ లేదు. అంతలో తెర వెనక సన్నాయి ఒక్కసారిగా గొంతెత్తింది. దాన్ని తరుముకుంటూ డోలు. హాలు అదిరిపోయింది. తాళి పడింది, అక్షింతలు కురిశాయి. పొడుగాటి సన్నాయి స్వరం మెలికలు తిరుగుతూ పైకి పోతుంటే అమ్మిరాజుకి ఒళ్లు పులకరించింది. ఇంత బాగా రాశానా!

చెన్నకేశవులు ఎట్టకేలకు కుర్చీ వదిలి వచ్చాడు. "మా రెండోవాడి పెళ్లికీ నువ్వేనయ్యా!"

"ఒరే, దీనిలో ఊపిరుందిరా!" అంది వరహాలమ్మ కళ్లొత్తుకుంటూ.

"నేను పోసిందే మామ్మా!" అమ్మిరాజు నలుదిక్కులా తిరిగి దండాలు పెట్టాడు.

సన్నాయి టక్కున ఆగింది. తెర వెనక నుంచి పెద్ద తుమ్ము వినబడింది.

"తుమ్మమని నేను రాయలేదే..." అమ్మిరాజు గబుక్కున పసుపుగుడ్డ లాగాడు. కంప్యూటరు మొహం నల్లగా ఉంది. దాని ప్లగ్గు నేలమీద పడి ఉంది, గోడకి దాని చోట సాహు లైటు ప్లగ్గు ఉంది.

తెర తొలగించుకుని, చంకలో సన్నాయితో, తలనుంచి కాళ్లదాకా బూడిదరంగు దుమ్ముతో ఒక మనిషి తొంగిచూశాడు. "సిమెంటు లారీ ఎక్కి వచ్చి వెనక గుమ్మంలోంచి దూరాం దానయ్యబాబూ, ముక్కంతా దుమ్మే. కాస్త కాఫీ ఇప్పిస్తారేటి?"