గుంటలో నిలబెట్టిన పిల్ల

వాకిట్లో గుంట ఖాళీగా ఉంది. పిల్ల లేదు.

రోజూ కంటే ముందే ఇల్లు చేరిన కిష్టవ్వ వాకిలంతా వెతికింది.

పొద్దున వడ్లు దంచడానికి పోతూ, పిల్లను నడుం లోతు గుంటలో నిలబెట్టి ఇసుక కప్పి మరీ పోయింది. తనంతట తాను బయటికి రాగల పిల్ల కాదది. ఆరేళ్లొచ్చినా రాజవ్వ కాళ్లు కట్టెల్లా బిగుసుకుపోయి, ఒకదాని మీదొకటి మెలిపడి ఉంటాయి. గుంటలో నిలబెడితే భూమితల్లి బలమిస్తుందని పెద్దలన్నారు. పెద్దలు ఏది చెబితే అది చేసింది కిష్టవ్వ.

ఇంటి వెనక నుంచి పిల్ల ఏడుపు వినిపించింది.

ఉరికి చూస్తే, చిరిగిన బురఖాలో ఎవరో ముసలామె పిల్లను ఒళ్లో వేసుకొని మోకాళ్లు విడదీస్తోంది. పక్కన వేడినీళ్ల చెంబు, తడిగుడ్డ.

"ఎవలే నువ్వు? నా పిల్లను ఇడువు."

"జర ఆగు బిడ్డా. సల్లటి ఇసుకల కాళ్లు ఇంకా బిగుస్తయ్. కాపడం వెట్టి మెల్లగ సాపాలె."

"నిన్ను పిలిచిందెవలు?"

"ఎవలు పిల్వలే. నువ్వు పనికి పోయినంక దినాం వస్తున్న."

దినాం అన్న మాటకు కిష్టవ్వ ఒళ్లు మండిపోయింది.

ఆమె కోపం ఒక్కరి మీద కాదు. మొదటి పిల్లవాడివీ ఇవే కాళ్లు, మూడేళ్లకే పోయాడు. నీ కడుపే అసుంటిదని అత్త దుమ్మెత్తి పోసింది. ఎల్దుర్తి మీద రజాకార్లు పడ్డ రోజు ఊరంతా ఉరికింది. పిల్లను వీపున మోస్తున్న మొగుడు బక్కయ్య వెనకబడ్డాడు. చచ్చిన తండ్రి కింద పిల్ల బతికి దొరికింది. దాన్ని తీసుకొని మెదక్ చేరింది కిష్టవ్వ. పోలీస్ యాక్షన్ అయి నిజాం దిగిపోయినా ఆమె కోపం దిగలేదు.

"నా మొగన్ని సంపింది సాలదా? ఇప్పుడు పిల్ల కోసం వచ్చిన్రా?"

ముసలామె ఆ మాట పట్టించుకోలేదు. "దీన్ని గుంటల వెట్టకు బిడ్డా. ఏమన్నయితె ఉరకలేదు."

"బెదిరిస్తున్నవా?" కిష్టవ్వ పిల్లను గుంజుకొని కేక పెట్టింది.

ఎదురింటి గాలయ్య కట్టె పట్టుకొని వచ్చాడు.

"ఏమైంది వదినా?"

"పిల్లను ఎత్కపోవొచ్చింది."

అది అబద్ధమని అంటున్నప్పుడే తెలుసు. నరం లేని నాలుక, అనేసింది. అత్త మీది కోపం దుత్త మీద చూపడమంటే అదే.

ముసలామె గాలయ్యను తేరిపార చూసింది. భుజం మీద కట్టె పడ్డా అరవలేదు. కింద పడింది, లేచింది, వెళ్లిపోయింది.

"ఎంత పొగరో సూడు," అంది కిష్టవ్వ.

మర్నాడు పంతానికి పిల్లను మళ్లీ గుంటలో దించబోయింది. రాజవ్వ గోడ పట్టుకొని వదల్లేదు.

"బీబమ్మ వద్దన్నది. నాకు నిలవడొస్తది అవ్వా."

మడమలు రెండూ నేలకు ఆనించి పిల్ల గోడ పక్కన నిలబడింది. వణుకుతూ, పళ్లు బిగించి, నిలబడింది.

కిష్టవ్వకు ఏడుపు రాలేదు. తన మీద తనకు పట్టరాని కోపం వచ్చింది. తన చెంప తానే వాయించుకుంది. పిల్లను చంకనేసుకొని ముస్లింలుండే కోట కింది గల్లీకి ఉరికింది. చిరిగిన బురఖా ముసలామె ఏదని అక్కడ గిన్నెలకు కళాయి పూసే యూనుస్‌ను అడిగింది.

"అఖ్తరున్నీసానా? నిన్న పొద్దుగూకంగనే ఎల్లిపోయింది. యాడికో నాకు ఎర్కలేదు. మీ గల్లీల కొట్టిన్రట గద."

"నేనే కొట్టిపిచ్చిన. కాళ్లు వట్టుకుందామని వచ్చిన." కిష్టవ్వ పిల్లను చంకలోంచి దించింది. "ఆమెకు గీ కాళ్లు సాపే ఇద్దె యాడొచ్చింది?"

"కొడుక్కు చేసి చేసి నేర్సింది. వానియి గూడ గిసుంటి కాళ్లే. పుట్టినప్పటిసంది తిప్పలువడి నడిపిచ్చుకున్నది."

"మరి కొడుకేడి?"

"పోలీస్ యాక్షన్ అయినంక మా మీద వడ్డరు. అందరం ఉరికినం. వాడు నడుస్తుండె గని, ఉరకనీకి రాకపాయె."

"మీ మీద వడ్డదెవలు?"

యూనుస్ గిన్నె అందుకొని తుడవసాగాడు. తల ఎత్తకుండానే చెప్పాడు.

"మీ గల్లీ గాలయ్యనే వాన్ని కొట్టి సంపిండు, తల్లి కండ్లార సూసింది, సూసినంక గూడ దినాం వాని ఇంటి ముందల్నించే నడిసి నీ పిల్ల తాన్కి వచ్చింది."