తొమ్మిది గడులు

"సంతకం పెట్టండి మేడం. ఆయన కారు పార్క్ చేస్తున్నారు," అన్నాడు ప్రిన్సిపాల్ సుధాకరరావు.

శోభ కాగితం చదివింది. ఇంగ్లిష్ సాహిత్యంలో రొమాంటిక్ యుగం పాఠం చెబుతూ సిలబస్‌కు సంబంధం లేని విషయాలు చెప్పినందుకు క్షమాపణ కోరుతున్నట్టు రాసుంది. కాగితాన్ని టేబుల్ మీద ఆయన వైపుకే జరిపింది.

"సంబంధం లేనిది ఏం చెప్పాను సార్?"

"పూలూ, వాగులూ, వెన్నెలా చెప్పమంటే మిల్లులూ, కూలీలూ చెప్పారు. పన్నెండో క్లాసు పిల్లలకి అవన్నీ ఎందుకండీ?"

"ఆ కవులు వాగుల దగ్గరికి ఎందుకు పోయారో చెప్పాలి కదా. ఆవిరి యంత్రాలొచ్చి మగ్గాలు మూలపడ్డయి. ఊళ్ళు విడిచి జనం పట్నాలకు పోయారు. ఒక్కో గదిలో పదేసి మంది బతికారు. పక్కన ఫ్రాన్సులో ఏకంగా రాజునే దించేశారు. ఇదంతా చెప్పకపోతే మిగిలేవి ఉత్త పూలు."

"ఆ పూలు చాలు! మీ పాఠం విని నూరైన్ ఇంటికెళ్ళి వాళ్ళ నాన్నని ఏమడిగిందో తెలుసా? మన క్యాంపులో గదికి ఎంతమంది అని!"

శోభకు నవ్వొచ్చింది. ఆపుకుంది. నూరైన్ తండ్రి ఫసీయుద్దీన్‌ది సైట్లకు కూలీలను పంపే కంపెనీ. ఆ కూలీలుండే క్యాంపు దోహా ఇండస్ట్రియల్ ఏరియాలో ఉంది. పైగా ఆయన ఈ స్కూలు కమిటీ మెంబరు.

"మంచి ప్రశ్నే. ఏం జవాబిచ్చారట?"

"తమాషా కాదండీ. 'మీ ఇంగ్లిష్ టీచరుతో మాట్లాడాలి' అన్నారు ఫోన్లో. గొంతు వింటేనే నాకర్థమైంది. మీ వీసా మీదే కదా మీ ఆయనా, పాపా ఇక్కడున్నది? ఆలోచించుకోండి."

 శోభ చేతులు వెనక్కి పెట్టుకుంది.

"వీసా పోతే నిజామాబాద్ పోతాను సార్. అక్కడా ఇదే పాఠం, ఇట్లనే చెప్తా. సంతకం మాత్రం పెట్టను."

తలుపు తెరుచుకుంది. ఫసీయుద్దీన్ లోపలికి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చొక్కా నలిగిపోయి ఉంది.

సుధాకరరావు గబుక్కున లేచాడు. "రండి సార్, రండి. మేడాన్ని ఆ క్లాసు నుంచి తప్పిస్తున్నాం..."

"జర ఆగండి." ఫసీయుద్దీన్ శోభ వైపు తిరిగాడు. "మేడం, మీది మా దిక్కేనట గదా. మా బిడ్డకు ఏం చెప్పిండ్రు మీరు?"

శోభ వెనక్కి తగ్గలేదు. "ఆ కాలంల ఇంట్ల ఉండే ఆడోళ్ళు ఏం చెయ్యగలిగిండ్రని అడిగింది. బానిసలు పండించిన చక్కెర మాకొద్దని ఎన్నో ఇండ్లల్ల చాయ్‌ల చక్కెర మానేసిండ్రని చెప్పిన. జరిగిందే చెప్పిన. రేపూ చెప్తా."

"చక్కెర మానేసినా బాగుండు." ఫసీయుద్దీన్ కుర్చీలో కూలబడ్డాడు. "నా గదంత గదిల ఎంతమందిని పెడ్తున్నవ్ అబ్బాజాన్ అన్నది. తొమ్మిది మంది అన్న. తెల్లారి తన మంచం బాల్కనీల పెట్టిచ్చింది. చాక్‌పీసుతోని గది నిండ తొమ్మిది గడులు గీసింది. వారం సంది ఒక గడిలనే పంటది, అండ్లనే తింటది, అండ్లనే చదువుకుంటది. స్నానానికీ, స్కూలుకూ తప్ప గీత దాటది."

 క్లాసులో నూరైన్ ఈ మాట ఎవరితోనూ అనలేదు.

"గీతలు తుడవమని నేను చెప్పను సార్. నాతోని చెప్పించుకుందామని వస్తే, మీరు వచ్చిన పని కాదు."

"మేడం!" అని అరిచాడు సుధాకరరావు.

ఫసీయుద్దీన్ చెయ్యెత్తి ఆయన్ని ఆపాడు. టేబుల్ మీది కాగితం తీసుకుని చదివాడు. నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

"ఇది అక్కర్లేదు ప్రిన్సిపాల్ సాబ్. మేడం క్లాసు మేడమే చెప్పుకుంటది."

"మరి ఎందుకొచ్చిండ్రు?" అడిగింది శోభ.

"ఆ ఇంగ్లండ్‌ల మిల్లు ఓనర్లకు సొంత ఇంట్లనే ఇట్ల మొదలైతే వాళ్ళేం చేసిండ్రో అడుగుదామని."

"కూతురు అడిగినదానికి మీరే జవాబు చెప్పుకోవాలె."

"బిడ్డ ఒక్కతే అయితే ఎట్లనో బుజ్జగించుకుందును మేడం." ఫసీయుద్దీన్ ముఖం తుడుచుకున్నాడు. "ఇయ్యాల పొద్దున చూస్తే రెండో గడిల మా అమ్మ పండుకోని ఉంది. డెబ్భై ఆరేండ్ల మనిషి. లే అమ్మీ అని చెయ్యి పట్టుకున్న. 'మీ నాయిన ఈ దోహాల కూలికొచ్చి పద్దెనిమిదేండ్లు గింత జాగలనే పన్నడు, చెయ్యి ఇడువు' అన్నది."