ఎమిల్ ఓటు ఎవరికి?

"ఈ బిళ్ళ నీ కోటు జేబులోకి ఎలా వచ్చింది?" అని అడిగింది గ్లెనిస్.

బూట్లకు అంటిన మంచు దులుపుకుంటున్న ఎమిల్ ఆగిపోయాడు. భార్య అరచేతిలో పార్టీ పోటీలో ఉన్న క్లేటన్ బొమ్మతో ఆకుపచ్చ ప్రచార బిళ్ళ ఉంది.

"ఎవరో ఇచ్చారు."

"ఎవరో అంటే?"

"పక్కవీధి ఇర్మా అనుకుంటా. టీ ఇచ్చింది, దాంతోపాటు బిళ్ళా ఇచ్చింది. వద్దంటే బాగుండదు కదా!"

బాగుండదట! నలభై ఏళ్ల కాపురంలో గ్లెనిస్ కాచిన బీట్‌రూట్ సూపును ఈ మనిషి ఎన్నిసార్లు మొహం మీదే వద్దన్నాడో దేవుడికే తెలియాలి.

కెనడాలో వాళ్ల పార్టీకి కొత్త నాయకుణ్ణి ఎన్నుకునే పోటీ చివరికొచ్చింది. బరిలో ముగ్గురున్నారు. టోబిన్ అనే లాయరు అందరికంటే ముందున్నాడు. అతను గెలిస్తే పార్టీ ఇక కార్మికుల వైపు కన్నెత్తి చూడదని గ్లెనిస్ భయం. అందుకే నర్సుల సంఘం నుంచి వచ్చిన మార్గో కోసం తిండీ నిద్రా మానుకుని పనిచేస్తోంది. మూడోవాడు సస్కాచెవాన్ రైతు క్లేటన్. మంచివాడే గానీ, గెలిచే రకం కాదు.

విన్నిపెగ్‌లోని వాళ్ల నియోజకవర్గంలో పార్టీ సభ్యత్వాలు చూసేది గ్లెనిసే. గడువు దాటితే ఓటుండదని, జనవరిలో పాత కార్డులున్న ప్రతివాళ్లకూ ఫోన్ చేసి కొత్తవి చేయించింది. మంచాన పడ్డవాళ్లను కూడా వదల్లేదు. "మన దగ్గర ఒక్క ఓటు కూడా జారిపోలేదు" అని ఆమె సమావేశంలో చెబితే అందరూ లేచి చప్పట్లు కొట్టారు. ఎమిల్ కూడా కొట్టాడు, కాస్త ఆలస్యంగా.

అప్పటినుంచే మనిషి తేడాగా ఉన్నాడు. మేకులు కొనుక్కొస్తానని వెళ్లి మూడు గంటల తర్వాత ఖాళీ చేతులతో వస్తాడు. ఫోను పట్టుకుని నేలమాళిగలోకి దిగి గుసగుసలాడతాడు. గ్లెనిస్ మెట్టు మీద అడుగు పెడితే చాలు, మాట హాకీ మీదికి మళ్లుతుంది.

"ఇంతకీ ఓటు వేశావా?" అంది గ్లెనిస్ బిళ్ళను బల్ల మీద పడేసి.

"ఆఁ."

"ఎవరికి?"

"రహస్య ఓటు కదే!"

"పెళ్లానికి చెప్పకూడనంత రహస్యమా?"

"ముందు పెళ్లానికే చెప్పకూడదు."

"సరే, ఓటు వేయడానికి పార్టీ నంబరు పంపిన ఉత్తరం ఏది? చూపించు."

"చింపేశాను."

రొట్టె సంచికి పెట్టే ప్లాస్టిక్ ముక్కను కూడా పారేయకుండా డబ్బాలో దాచే మనిషి, ఉత్తరం చింపేశాడట!

గురువారం బట్టలు ఉతకడానికి నేలమాళిగలోకి వెళ్తే, పాత పేపర్ల కింద ఒక కాగితం దొరికింది. ఎమిల్ చేతిరాతతో పంతొమ్మిది పేర్లు, ఒక్కో పేరు పక్కన ఒక్కో టిక్కు. ఇర్మా, ఆమె చెల్లెలు, మరిది, చర్చి పక్కవీధిలోని ఇద్దరు అన్నదమ్ములు. గ్లెనిస్‌కి అందరూ తెలుసు. ఒక్కరు కూడా తప్పకుండా అంతా క్లేటన్ మనుషులే.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఆమె రచ్చంతా తిరుగుతుంటే, ఇంట్లోవాడు క్లేటన్ కోసం గడపలు తొక్కుతున్నాడు. "నాకు క్లేటన్ ఇష్టం" అని మొహం మీద చెప్పి ఉంటే రెండు రోజులు పోట్లాడి ఊరుకునేది. ఈ దొంగచాటు వ్యవహారం మాత్రం మింగుడు పడలేదు. ఆదివారం ఫలితం వచ్చాక బ్రాండన్‌లో ఉన్న అక్క దగ్గరికి వెళ్లిపోదామనుకుంది. వస్తున్నానని అక్కకి చెప్పింది గానీ, తిరిగెళ్లే రోజు మాత్రం చెప్పలేదు.

ఆదివారం మధ్యాహ్నం ఇద్దరూ టీవీ ముందు చెరో కుర్చీలో కూర్చున్నారు. మొదటి లెక్కింపులో టోబిన్ ముందు, మార్గో అతని వెనక, క్లేటన్ అట్టడుగున.

"పోయాడు నీ క్లేటన్," అంది గ్లెనిస్.

ఎమిల్ మొహంలో బాధ లేదు. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని తెర వంకే చూస్తున్నాడు. తన మనిషి ఓడిపోతే ఈ కంగారేమిటి?

ఈ పార్టీలో ఒక్క పేరు రాసి వదిలేయరు. ఇష్టమైన వరసలో ఒకటి, రెండు, మూడు అని రాస్తారు. ఎవరికీ సగం ఓట్లు దాటకపోతే అట్టడుగువాణ్ణి తీసేసి, అతనికి ఒకటి వేసినవాళ్ల ఓట్లను వాళ్లు రెండు వేసినవాళ్లకు కలుపుతారు. క్లేటన్ ఓట్లను అలా పంచారు. రెండు వందల ఓట్ల తేడాతో మార్గో గెలిచింది.

"కొట్టేశాం!" అని ఎమిల్ కుర్చీలోంచి ఎగిరి లేచాడు.

గ్లెనిస్ తెల్లబోయి చూస్తుండగానే ఫోన్ మోగింది. ఇర్మా.

"అమ్మాయ్, మాట నిలబెట్టుకున్నామని మీ ఆయనకి చెప్పు."

"ఏం మాట?"

"నీకు తెలీదా? మా ఇంట్లో నాలుగు కప్పుల టీ తాగి మరీ కూర్చున్నాడు. ఒకటి క్లేటన్‌కే వేసుకోండి, రెండు మాత్రం మార్గోకి వేయండని ఒకటే పోరు. మా చెల్లెల్నీ వదల్లేదు, మా మరిదినీ వదల్లేదు."

ఫోన్ పెట్టేసిన గ్లెనిస్‌కి ఎమిల్ మొహం చూడాలంటే సిగ్గేసింది. కళ్లు తుడుచుకుని అతని పక్కన కూర్చుంది.

"ఇంత చేసి నాకెందుకు చెప్పలేదురా నాయనా? పోయిన ఎన్నికల్లో గడప కూడా దాటని మనిషివి! నీ ఓటు నువ్వు వేస్తే చాలదూ? ఈ చలిలో పంతొమ్మిది మంది చుట్టూ ఎందుకు తిరిగావు?"

ఎమిల్ టీవీ కట్టేశాడు.

"జనవరిలో ఊరందరికీ ఫోన్ చేశావు, మన ఇంటికి తప్ప. నా కార్డూ పాతదే," అన్నాడు. మళ్లీ తనే గొంతు తగ్గించి చెప్పాడు:

"నాకు ఓటే లేదు."